బయటోడొచ్చాడు

2008 వేసవి. ఒడిశాలో బరంపురంలో మా ఇంటి నడవలో కంప్యూటరు ముందు కూర్చుని ఒక ఊరి జనాన్ని వరసపెట్టి కాల్చేస్తున్నాను. నా వెనక చాప మీద మా అత్త అప్పడాలు ఒత్తుతోంది. కాసేపు కర్ర ఆపి తెర వైపు చూసి అడిగింది: "ఒరే, తలకాయకి ఎంతిస్తన్నార్రా నీకు?"

వేళాకోళం కాదు. ఆవిడ ఒత్తేది కూలికి. పిండి తూచి ఇస్తారు, అప్పడాలు లెక్కపెట్టి తీసుకుంటారు. పొద్దుటి నుంచి అన్నానికి కూడా లేవకుండా ఒకే పని చేస్తున్నానంటే ఏదో గిట్టుబాటు ఉండే ఉంటుందని ఆవిడ అనుమానం. నిజానికి ఉంది కూడా. ఆ ఆటలో చచ్చినవాడు పడ్డచోట చాలాసార్లు డబ్బు మిగులుతుంది, ఏరుకోవచ్చు. పెసెటాలు, స్పెయిన్ వాళ్ల పాత డబ్బు. చూపించాను. "అలాగైతే పర్లేదు" అని మళ్లీ కర్ర పట్టుకుంది.

ఆ ఆట రెసిడెంట్ ఈవిల్ 4. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 2005లో విడుదల చేసింది. కంప్యూటరుకి 2007లో వచ్చింది. వచ్చిందంటే వచ్చింది గానీ, తుపాకీ ఆటలో మౌస్ పనిచెయ్యదు! గురి కూడా కీబోర్డు మీదే చూసుకోవాలి. కూరలు తరగమని చేతికి గరిటె ఇచ్చినట్టు. అయినా ఆ వేసవిలో మూడుసార్లు పూర్తిచేశాను. ఇప్పుడు నాకు నలభై దగ్గరపడుతోంది. మందుల హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు చూసుకునే మనిషిని. ఇప్పటికీ రాత్రి పది దాటి ఇల్లు సద్దుమణిగాక ఏదో ఒక జాంబీ ఆట తెరుస్తాను. జాంబీ అంటే చచ్చి లేచి మనుషుల మీదకొచ్చేవాడు. ఎందుకు తెరుస్తానో, ఎక్కడికొచ్చేసరికి చెయ్యి ఆగిపోతుందో రాసి చూద్దామనిపించింది.

మొదటి జాంబీని కాల్చింది మాత్రం అంతకు చాలా ముందు, స్కూలు రోజుల్లో, నెట్ సెంటర్లో. ఇంటర్నెట్ కోసం పెట్టిన సెంటరే. కానీ సాయంత్రం నాలుగు దాటాక అక్కడ ఇంటర్నెట్ ఎవడికీ అక్కర్లేదు. గంటకి 20 రూపాయలు, సెగా వాళ్ల హౌస్ ఆఫ్ ది డెడ్. అందులో నడవడం కూడా మన పని కాదు. పట్టాల మీద బండిలా ఆటే మనల్ని గదుల్లోంచి గదుల్లోకి లాక్కుపోతుంది, మనం కాల్చడమే. ఛాతీ మీద కొడితే జాంబీ ఒక అడుగు వెనక్కి వేసి మళ్లీ వస్తాడు. తలకి కొడితే పడిపోతాడు. ఈ సంగతి తెలియడానికి పది నిమిషాలు చాలు, ఆ తరవాత నేర్చుకోవాల్సింది పెద్దగా ఉండదు. లెక్కల్లో పదిహేను మార్కులొచ్చిన రోజు కూడా నా గురి తప్పేది కాదు.

ఈ ఆటలన్నీ తిరిగి తిరిగి జాంబీ దగ్గరికే ఎందుకు వస్తాయో కొంచెం ఆలోచిస్తే తెలుస్తుంది. సైనికుణ్ణి శత్రువుగా పెడితే వాడు దాక్కోవాలి, తప్పించుకోవాలి, చుట్టూ తిరిగి వెనక నుంచి రావాలి. అదంతా ప్రోగ్రాములో రాయాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. జాంబీకి అవేవీ అక్కర్లేదు. నేరుగా నడిచొస్తే చాలు. వాడు తెలివితక్కువగా ప్రవర్తిస్తే ఆట తయారుచేసినవాళ్ల చేతకానితనం అనిపించదు, జాంబీ కదా మరి! ఆడేవాడికి కూడా ఇబ్బంది లేదు. వాడికి పెళ్లాం పిల్లలు ఉన్నారా, వాడు ఏ పార్టీ, ఏ దేశం అనే గొడవ లేదు. చచ్చినవాణ్ణే చంపుతున్నాం కాబట్టి పాపం కూడా అంటదు. ఇంతకన్నా సుఖమైన హింస ఎవరూ కనిపెట్టలేదు.

మా ఊరివాళ్లకి ఇందులో ఇంకో సుఖం ఉంది. అది విశాఖపట్నంవాళ్లకో విజయవాడవాళ్లకో చెబితే వెంటనే ఎక్కదు.

బరంపురంలో నోరు తెరిచే ముందు ఎదుటివాడు ఏ భాషవాడో అంచనా వేసుకోవాలి. పట్టుచీరల దుకాణంలో తెలుగు. ఆఫీసు కౌంటర్లో ఒడియా, అదీ మంచి ఒడియా, లేకపోతే కాగితం రేపటికి వాయిదా పడుతుంది. రైల్వే స్టేషన్లో హిందీ. ఆటోవాడితో ఒడియాలో మొదలుపెట్టి, వాడి ఫోన్లో తెలుగు పాట వినబడగానే తెలుగులోకి దిగి, బేరం చెడిపోతే ఇద్దరం మళ్లీ ఒడియాలోకి పోతాం. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకి ఇది అలవాటే, కష్టమని అనను. కానీ అలవాటైన బరువు కూడా బరువే గదా. సాయంత్రానికి నాలిక అలిసిపోతుంది. అప్పుడు తెర మీద ఒకడు నోరు తెరుచుకుని, చేతులు చాచుకుని నా మీదకి వస్తాడు. నువ్వు తెలింగావా (ఇక్కడ తెలుగువాణ్ణి అలాగే అంటారు), ఒడియావా అని అడగడు. నా యాస పట్టడు. వాడికి నేను కావాలి, అంతే. ఎంత హాయిగా ఉంటుందో!

ఆ హాయికి ఇంకో పక్కన లెఫ్ట్ 4 డెడ్ ఉంది. వాల్వ్ కంపెనీ 2008 చివర్లో తెచ్చింది. మా వీధిలో ముగ్గురి కంప్యూటర్లు ఒకే ఇంటికి మోసుకొచ్చి, కేబుల్ వేసి రాత్రంతా ఆడేవాళ్లం. నలుగురు మనుషులు ఒక సురక్షితమైన గది నుంచి ఇంకో గదికి చేరాలి, అంతే కథ. దాని గొప్పతనం కథలో లేదు. ఆట వెనక డైరెక్టర్ అనే ఒక ప్రోగ్రాము కూర్చుని మనల్ని గమనిస్తూ ఉంటుంది. ఎంత దెబ్బ తిన్నాం, ఎంత టెన్షన్‌లో ఉన్నాం అని చూసుకుని, ఎప్పుడు మందని వదలాలో, ఎప్పుడు కాసేపు ఊపిరి పీల్చుకోనివ్వాలో అదే తేల్చుకుంటుంది. అందుకే అదే ఆసుపత్రి, అవే మెట్లు అయినా రెండోసారి అదే భయం అదే చోట దొరకదు. ఇంకో ఎత్తు కూడా వేశారు. హంటర్ అనేవాడు మీదకి దూకి నేలకి అదిమేస్తే మన చేతిలో ఏమీ ఉండదు. పక్కవాడు వచ్చి విడిపించాల్సిందే. ఎంత మొనగాడైనా ఒంటరిగా పోతే చచ్చినట్టే.

దాంతో ఏమయ్యేదంటే, ఆటంతా అరుపులే. మా నలుగురిలో ఇద్దరం తెలుగువాళ్లం, ఒకడు ఒడియా, ఇంకొకడు మార్వాడీల అబ్బాయి. హంటర్ కింద పడ్డవాడు "భాయి, మొతే ఉఠా!" అని అరిచేవాడు, లేపరా నాయనా అని. ఒడియా కుర్రాడి నోట అది మామూలే. నేను కింద పడ్డప్పుడు కూడా నా నోట అదే వచ్చేది. అవతల మందకి మాట లేదు, మాటలన్నీ మావైపే. జాంబీ ఆటల్లో నాకు దొరికిన మంచి అంతా అక్కడే ఉంది, తుపాకీలో లేదు.

ఇప్పుడు మళ్లీ రెసిడెంట్ ఈవిల్ 4. అసలు పేచీ దీనితోనే, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆట ఇదే.

లియాన్ కెన్నెడీ అనే అమెరికా ఏజెంటు. ఎవరో ఎత్తుకుపోయిన ప్రెసిడెంటు కూతురిని వెతుక్కుంటూ స్పెయిన్‌లో ఒక మారుమూల పల్లెకి వస్తాడు. ఊరి బయట మొదటి ఇల్లు. లోపలికి పోతాం. పొయ్యి దగ్గర ఒక పెద్దమనిషి ఉంటాడు. లియాన్ ఫొటో చూపించి, ఈ అమ్మాయిని చూశారా అని ఇంగ్లీషులో అడుగుతాడు. ఆయన స్పానిష్‌లో విసుక్కుంటాడు. లియాన్ క్షమాపణ చెప్పి ఫొటో జేబులో పెట్టుకునేలోపు ఆయన గొడ్డలి ఎత్తుతాడు. మనం కాలుస్తాం. వాడు జాంబీ కాదని లియానే అంటాడు. కథలో ఆ ఊరి జనానికి పట్టింది ఒక పురుగు. వాళ్లు చచ్చి లేచినవాళ్లు కాదు. పని చేసుకుంటారు, తలుపులు వేసుకుంటారు, నిచ్చెనలు ఎక్కుతారు, మాట్లాడుకుంటారు.

ఆ పెద్దాయన అన్నదేమిటో నాకు చాలా ఏళ్ల తరవాత ఒక వీడియో చూస్తే తెలిసింది. నానా బూతులు కలిపి ఆయన అన్నది, ఇక్కడ నీకేం పని, బయటికి పో అని. తుపాకీ పెట్టుకుని ఇంట్లో దూరి, నాకు రాని భాషలో ఎవడైనా ఏదో అడిగితే నేను కూడా అంతకన్నా మర్యాదగా ఏమీ అనను.

తరవాత ఊరి నడిబొడ్డు. అక్కడ ఆట మన చేతికి దుర్భిణి ఇస్తుంది. దూరంగా నిలబడి చూడొచ్చు. ఒకరు గడ్డి ఎత్తుతున్నారు, ఒకరు బరువేదో మోసుకుపోతున్నారు, కోళ్లు తిరుగుతున్నాయి. మధ్యలో మంట, ఆ మంటలో ఒక పోలీసు శవం. అది లేకపోతే మా జిల్లాలో చికిటి దారిలో ఏ పల్లె అయినా పొద్దున్న పూట ఇలాగే ఉంటుంది. అడుగు ముందుకేసి ఎవరి కంటైనా పడ్డామా, ఒకడు చెయ్యి చూపించి అరుస్తాడు: "ఉన్ ఫొరాస్తేరో!" ఊరంతా కత్తులు, కొడవళ్లతో మీద పడుతుంది. తలుపుకి అడ్డంగా బీరువా జరిపితే కిటికీలోంచి వస్తారు. మేడ ఎక్కితే నిచ్చెన వేస్తారు, నిచ్చెన తోసేస్తే మళ్లీ నిలబెడతారు. రంపం మోటారు చప్పుడు వినబడుతుంది. గుండ్లు అయిపోతాయి. ఇంక చచ్చాం అనుకునేసరికి చర్చి గంట మోగుతుంది. అందరూ ఎక్కడి కత్తులు అక్కడ వదిలేసి, మనల్ని పట్టించుకోకుండా గంట వైపు నడిచిపోతారు. ఖాళీ ఊళ్లో మనం ఒక్కళ్లమే మిగులుతాం. నేను చూసిన ఆటల్లో ఇంత బాగా అల్లిన పదిహేను నిమిషాలు ఇంకోటి లేదు. ఆ గంట ఎప్పుడు విన్నా ఇప్పటికీ రోమాలు లేస్తాయి.

ఆ అరుపుకి కూడా అర్థం అదే వీడియోలో దొరికింది. ఫొరాస్తేరో అంటే బయటోడు.

(స్పానిష్ తెలిసినవాళ్లు ఇంకో మాట కూడా చెబుతారు. కథ స్పెయిన్‌లో, యాస మాత్రం అట్లాంటిక్ అవతలిది, మెక్సికో వైపుది. మన సినిమాల్లో శ్రీకాకుళం పాత్రల యాస విన్నవాళ్లకి ఇందులో కొత్తేమీ కనబడదు.)

బయటోడు అనే మాట నాకు ఊరికే తగల్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు, అప్పటిదాకా మద్రాసు కింద ఉన్న మా బరంపురం అటు పోయింది. మా తాతలు ఇల్లు కదల్లేదు, గీతే కదిలింది. అప్పటి నుంచి ఇక్కడ మేం తెలింగావాళ్లం. నేను డిగ్రీకి విశాఖపట్నం వెళితే హాస్టల్లో నా పేరు మూడేళ్లూ "ఒరిస్సా". ఇచ్ఛాపురం చెక్‌పోస్టుకి అటు ఒకలా, ఇటు ఒకలా బయటోణ్ణే. మరి ఆ వేసవంతా తెర మీద ఊరు ఊరంతా నన్ను బయటోడా అని పిలుస్తుంటే, నేను ఒక్కొక్కణ్ణీ గురిచూసి పెసెటాలు ఏరుకున్నాను. భాష తెలియక వాళ్ల అరుపు నాకు జాంబీ మూలుగులాగానే వినబడింది. అర్థం తెలిసుంటే ఆడకపోయేవాణ్ణా? ఆడేవాణ్ణే. కానీ మూడోసారి ఆడేవాణ్ణి కాదేమో.

జాంబీ ఆట ఆకర్షణ, దాని హద్దు, రెండూ నాకు అక్కడే కనబడతాయి. ఎదుటివాడికి మాట లేనంతసేపూ ఆట హాయి. మాట వచ్చిందంటే, ఆటకి రెండే దార్లు. ఆ మాట వినడమో, మాట వచ్చినవాణ్ణి కూడా జాంబీగానే చూపించడమో. రెండోది సులువు కాబట్టి ఎక్కువ ఆటలు అటే పోతాయి. రెసిడెంట్ ఈవిల్ 5 2009లో ఆఫ్రికాలోని ఒక కల్పిత ఊరికి పోయింది. తెల్లజాతి హీరో నల్లవాళ్ల గుంపుని కాల్చే దృశ్యాలతో 2007లో వచ్చిన ట్రైలరు మీదే పెద్ద గొడవ జరిగింది. పురుగు పట్టినవాళ్లే గదా అని వాదించినవాళ్లూ ఉన్నారు. పురుగు ఎవరికి పట్టించాలో తేల్చింది పురుగు కాదు గదా.

ఈ జాంబీ పుట్టిల్లు కరీబియన్ దీవుల్లోని హైతీ దేశం అని తెలిసినప్పుడు నాకు ఇంకా తమాషాగా అనిపించింది. అక్కడి చెరకు తోటల్లో బానిసలుగా బతికినవాళ్ల నమ్మకం అది. చచ్చినవాణ్ణి మంత్రగాడు లేపి, మనసు లేని కూలీగా పని చేయించుకుంటాడు. ఆ జాంబీ మనుషుల్ని తినడు. జనం భయపడింది వాడు కరుస్తాడని కాదు, చచ్చాక కూడా తమకి పని తప్పదేమోనని. గంజాం జిల్లాలో సగం వీధుల నుంచి ఎవరో ఒకరు సూరత్ మగ్గాల్లో పన్నెండు గంటల షిఫ్టు చేస్తూ ఉంటారు. వాళ్లకి ఆ పాత జాంబీ సంగతి చెబితే నవ్వరు. మనిషి మాంసం తినే గుంపుగా వాణ్ణి మార్చిన ఘనత 1968లో అమెరికా దర్శకుడు జార్జ్ రొమేరో తీసిన సినిమాది. ఆటలన్నీ ఆయన దారినే పట్టాయి. జాలిపడాల్సినవాడు కాల్చాల్సినవాడయ్యాడు.

ఒక్క విషయంలో మాత్రం రెసిడెంట్ ఈవిల్ 4 నిజం చెప్పింది. ఆ నరకం మధ్యలో ఒక వ్యాపారి ఉంటాడు, పెద్ద కోటు వేసుకుని. ఏం కొంటావు అని అడుగుతాడు. తుపాకులు, మందులు, అన్నీ ఉంటాయి వాడి దగ్గర. అందరూ దాన్ని జోకు అంటారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. మర్నాటికి మా వీధిలో ఒక్క కరెంటు స్తంభం నిటారుగా లేదు. ప్రళయం వస్తే మనుషులు తుపాకులు పట్టుకుని ఒకళ్లనొకళ్లు పీక్కు తింటారని ఈ ఆటలు చెబుతాయి. మా వీధిలో జరిగింది ఏమిటంటే, రెండో రోజుకి ఒకాయన జనరేటరు పెట్టి ఫోనుకి 10 రూపాయలు తీసుకుని ఛార్జింగు పెట్టడం మొదలుపెట్టాడు. పక్కింటావిడ ఊరికే మంచినీళ్లు పోసింది. ఇద్దరి దగ్గరా లైను ఉంది. ఆ జనరేటరు ఆయన్ని చూసినప్పుడల్లా నాకు ఆ కోటు వ్యాపారే గుర్తొస్తాడు.

తరవాత 2020. ఆ ఏడు మే నెలలో సూరత్ నుంచి మా జిల్లా జనం వేలల్లో తిరిగొచ్చారు. ఊళ్లలో సర్పంచులకి కలెక్టరు అధికారాలిచ్చారు. బడుల్లో క్వారంటైను పెట్టారు, గడువు పూర్తిచేసినవాళ్లకి 2000 రూపాయలిస్తామన్నారు. అత్త అప్పటికి చికిటి వైపు వాళ్ల ఊరు వెళ్లిపోయింది. మందుల దుకాణం వాణ్ణి కాబట్టి నాకు పాసుంది. ఆవిడకి బీపీ మాత్రలు ఇవ్వడానికి వెళ్లాను. వీధి చివర బడి. బడి ముందు అడ్డంగా వెదుళ్లు కట్టారు. వసారాలో మనుషులు, మూతులకి తువ్వాళ్లు చుట్టుకుని, ఎవరూ మాట్లాడకుండా గోడకి ఆనుకుని కూర్చున్నారు. బండి ఆపకుండానే వాళ్లని లెక్కపెట్టాను. 18 మంది. ఎందుకు లెక్కపెట్టానో తెలుసు. ఎంత దూరంలో ఉన్నారు, ఎటు నుంచి రాగలరు, నేను ఎటు పోవాలి. రాత్రిళ్లు చేసే లెక్కే.

అందులో ఒకడు లేచి వెదుళ్ల దాకా వచ్చాడు. "అన్నియ్యా, బరంపురం నుంచేనా? కిళ్లీ ఏటైనా దొరుకుద్దేటి?"

అత్త వరసకి మనవడే వాడు. చిన్నప్పుడు మా ఇంటికొస్తే నా పక్కన కూర్చుని గుండ్లు అయిపోతున్నాయి, గుండ్లు అయిపోతున్నాయి అని చెప్పినవాడు. నేను బండి ఇంకొంచెం వెనక్కి జరిపాను. ఇంతలో అత్త ఇంటి మెట్ల మీద నుంచే అరిచింది: "ఆడి దగ్గరికెల్లకురా! ఓరి, నువ్వు లోపలికి పోరా, పో!"

ఆట నన్ను అలా తయారుచేసిందని ఇక్కడ రాసేస్తే వ్యాసం చక్కగా ముగిసిపోతుంది. కానీ మా అత్త జన్మలో మౌస్ ముట్టుకోలేదు. అందరికన్నా గట్టిగా అరిచింది ఆవిడే. ఆ వెదుళ్లు కట్టినవాళ్లలో ఎవరూ జాంబీ ఆటలు ఆడి ఉండరు. ఆ భయం మనలో ముందే ఉంది. ఆట దాన్ని పుట్టించలేదు. దానికి ఒక తెర ఇచ్చి, గురిచూడ్డం సులువు చేసి, పైన పెసెటాలు పెడుతుంది. అందుకే పిల్లలు పాడైపోతారని ఎవరైనా అంటే నాకు చిరాకు. ఇది ఉత్త టైంపాస్ అని ఎవరైనా అంటే అంతకన్నా చిరాకు. బండి వెనక్కి జరిపిన ఆ రెండు అడుగులు నాకు ఇంకా గుర్తున్నాయి. కిళ్లీ అయితే పంపలేదు. దుకాణాలు మూసి ఉన్నాయి, అది నిజమే. దుకాణాలు తెరిచి ఉన్నా పంపేవాణ్ణో లేదో.

పోయిన సెలవులకి మా మేనల్లుడు వచ్చాడు. తొమ్మిదో తరగతి. 2023లో అదే ఆటని కొత్తగా మళ్లీ తీశారు, వాడు అది చూశాడట, పాతది చూపించమన్నాడు. 2014లో వచ్చిన కంప్యూటరు రూపంలో మౌస్ పనిచేస్తుంది కాబట్టి అది పెట్టాను. ఊరి బయట నిలబడి దుర్భిణి తీశాను. గడ్డి ఎత్తే మనిషి గడ్డి ఎత్తుతూనే ఉంది. నడిచే మనిషి అటు పోయి ఇటు వస్తున్నాడు. అయిదు నిమిషాలు చూశాను.

"మావయ్యా, కాల్చవేంటి?"

"వీళ్లు అన్నం ఎప్పుడు తింటారో చూద్దామని."

"తినరు మావయ్యా. వాళ్లకి అంతే పెట్టారు" అన్నాడు. నిజమే. ఆ రెండు పనులకి మించి వాళ్లకి ఏదీ రాసిపెట్టలేదు. ఎంతసేపు మర్యాదగా నిలబడ్డా వాళ్ల గురించి ఇంకేమీ తెలియదు. వాడు మౌస్ లాక్కుని ముందుకి నడిచాడు. ఒకడు చూశాడు, చెయ్యి చూపించి అరిచాడు. ఆ అరుపు వీడికి తెగ నచ్చేసింది. ఆ రోజంతా ఇల్లంతా తిరుగుతూ "ఉన్ ఫొరాస్తేరో, ఉన్ ఫొరాస్తేరో" అని ఒకటే గోల.

కంటి ఆపరేషన్ కోసం మా ఇంటికొచ్చి ఉన్న అత్త మంచం మీద నుంచి అడిగింది, ఆ గుంటడు ఏటంటన్నాడు అని.

"బయటోడొచ్చాడు అంటున్నాడత్తా."

ఆవిడ నల్లకళ్లద్దాలు సర్దుకుని వీధి గుమ్మం వైపు తిరిగింది. "ఎవులొచ్చినార్రా?"